మూడో అధ్యాయంలోని గ్రంథాలయం

2023 ఏప్రిల్. కడపలో మా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి రెండు కూలర్లు ఉంటే, ఒకటి గాలి ఇచ్చేది, రెండోది చప్పుడు మాత్రమే చేసేది. నేను అక్కడ అసిస్టెంట్ లైబ్రేరియన్ని. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమే మా పని అని బయటివాళ్లు అనుకుంటారు. అది ఒకప్పటి మాట. ఇప్పుడు పిహెచ్.డి. చేసేవాళ్లకు మాతో పడే అసలు పని వేరే ఉంది. థీసిస్ సమర్పించే ముందు వాళ్లు దాని సాఫ్ట్ కాపీ మాకు ఇవ్వాలి. మేం దాన్ని ఒక సాఫ్ట్‌వేర్‌లో పెడతాం. అది ఎక్కడెక్కడి వ్యాసాలతో, పాత థీసిస్‌లతో పోల్చి చూసి, ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో రంగులు పూసి చూపిస్తుంది. దాన్ని సిమిలారిటీ రిపోర్టు అంటారు. పోలిక పది శాతం దాటలేదని నేను సంతకం పెడితేనే ఆ థీసిస్ పరీక్షల విభాగం గడప తొక్కుతుంది.

ఈ సంతకం నా చేతికి వచ్చాక క్యాంపస్‌లో నాకు మర్యాద పెరిగింది. అంతకు ముందు ఎదురుపడితే తల తిప్పుకునే ప్రొఫెసర్లు కూడా "ఏమప్పా సుబ్బరాయుడూ, టీ తాగినావా" అని పలకరించడం మొదలుపెట్టారు. ఆ టీ ఎందుకో నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

మా వైపు ఆర్థికశాస్త్రం, గ్రామీణాభివృద్ధి లాంటి విషయాల్లో వచ్చే ప్రతి థీసిస్‌లోనూ మూడో అధ్యాయం ఒకటి ఉంటుంది. దాని పేరు స్టడీ ఏరియా ప్రొఫైల్. అంటే పరిశోధన చేసిన ప్రాంతం ఎలా ఉంటుందో చెప్పే భాగం: వర్షపాతం, నేలలు, పంటలు, ఊళ్లు. దాన్ని ఎవరూ రాయరు. ముందువాళ్ల థీసిస్ నుంచి తెచ్చి పెడతారు. ముందువాళ్లు అంతకు ముందువాళ్ల నుంచి తెచ్చి ఉంటారు. గొర్రెదాటు అంటే ఏమిటో చూడాలంటే పొలాల్లోకి పోనక్కర్లేదు, మా గ్రంథాలయంలో థీసిస్‌ల బీరువా తెరిస్తే చాలు. ఒకాయన కడప మీద పరిశోధన చేసి, మూడో అధ్యాయమంతా కర్నూలు గురించే ఉంచేశాడు. పట్టా కూడా వచ్చింది.

నేను కూడా తక్కువ తినలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఫలానా భాగాన్ని లెక్కలోంచి తీసెయ్యమని చెప్పే సౌకర్యం ఉంది. మూడో అధ్యాయం వల్ల శాతం పెరిగితే దాన్ని తీసేసి మళ్లీ చూసి సంతకం పెట్టేవాడిని. ఊరి వర్ణనే కదా, ఎవరు రాసినా ఊరు ఊరేగా అని నాకు నేనే చెప్పుకునేవాడిని.

అలాంటి రోజుల్లో ఎస్తేరు వచ్చింది. పత్తికొండ ప్రాంతపు టమాటా రైతుల మీద పరిశోధన. పంట ఎప్పుడు కోయాలో, ఎప్పుడు మార్కెట్‌కు తేవాలో వాళ్లు ఎలా నిర్ణయించుకుంటారు అన్నది విషయం. ఐదారేళ్లుగా మా రీడింగ్ హాల్లో కిటికీ పక్క కుర్చీ ఆమెది. గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. మే పదిహేనుకు ఆమె గడువు అయిపోతుంది. అప్పటికి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దయి, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. దానికి తోడు కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు, థీసిస్ ఇచ్చినట్టు కాగితం చూపిస్తే జూన్ నుంచి లెక్చరర్‌గా తీసుకుంటామన్నారు. ఇంటి మొత్తంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె.

రిపోర్టు ముప్పై ఒక్క శాతం వచ్చింది. మిగతా అధ్యాయాలు తెల్లగా కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. రంగంతా మూడో అధ్యాయంలోనే. మామూలుగానే దాన్ని తీసెయ్యబోతూ, ఒక వాక్యం దగ్గర ఆగాను. థీసిస్ ఇంగ్లీషులో ఉంది. దాని తెలుగు ఇది: "ఎర్రగుట్టపల్లెలో గ్రంథాలయం పనిచేస్తున్నది. సాయంత్రపు చల్లదనంలో రైతులు దాని అరుగు మీద కూర్చుని వార్తాపత్రికలు చదువుకుంటారు." పక్కనే సాఫ్ట్‌వేర్ పదకొండు పాత థీసిస్‌ల పేర్లు చూపించింది. పదకొండింటిలోనూ ఇదే వాక్యం, ఒక కామా కూడా తేడా లేకుండా.

ఎస్తేరును పిలిచాను.

"ఏమ్మా, ఈ ఎర్రగుట్టపల్లెకు ఎప్పుడన్నా పోయినావా?"

"అది మా ఊరే సార్."

"మీ ఊళ్లో గ్రంథాలయం ఉందా?"

"లేదు సార్."

"మరి ఉందని రాసినావే?"

ఆమె రిపోర్టు వైపు చూసింది. తప్పు చేసి దొరికిన ముఖం కాదు అది, నిజంగానే తికమక పడిన ముఖం. "ఇంతమంది పెద్దోళ్లు రాసినారు కదా సార్. నాకు తెలీకుండా యాడన్నా ఉంటుందేమో అనుకుంటి."

"నువ్వు చిన్నప్పుడు పేపరు చదవాలంటే యాడికి పోయేదానివి?"

"పత్తికొండకు సార్. మా నాయన టమాటా బండి ఎక్కితే ఎనకాలే పోతాంటి. మండీలో దలారి కాడ పాత పేపర్లు ఉంటాయి. ఆయన లెక్కలు చూసుకునే లోపల చదువుకుంటాంటి."

పేపరు ముక్క కోసం టమాటా గంపల మధ్య కూర్చుని పోయిన పిల్ల, తన ఊళ్లో గ్రంథాలయం ఉందని రాసింది. ఎందుకంటే పుస్తకంలో ఉంది. నాకు నవ్వు రావాలి. రాలేదు. ఎందుకంటే సాయంత్రపు చల్లదనం, అరుగు, వార్తాపత్రికలు, ఆ వాక్యం నాది.

ఇరవై ఏళ్ల కిందట నేను ఎం.ఫిల్. చేశాను. గ్రంథాలయశాస్త్రంలో, పత్తికొండ ప్రాంత రైతుల సమాచార అవసరాల మీద. ఎనిమిది ఊళ్లు ఎంచుకున్నాను. ఏడు ఊళ్లు తిరిగాను. ఎనిమిదోది ఎర్రగుట్టపల్లె. బస్సు దిగి నాలుగు మైళ్లు నడవాలి. మే నెల, గొడ్డు ఎండ. పత్తికొండలో హోటల్లో కూర్చుని ఉగ్గాని తింటూ రేపు పోదామనుకున్నాను. రేపు కూడా అదే ఎండ. అక్కడి మండలాఫీసులో ఒక జాబితా చూపించారు, అందులో ఎర్రగుట్టపల్లె ఎదురుగా గ్రంథాలయ భవనం మంజూరు అని ఉంది. మంజూరైంది అంటే నా పుస్తకం అచ్చయ్యే లోపల కట్టేస్తారులే అనుకున్నాను. కట్టాక రైతులు చదవక ఏం చేస్తారు అనుకున్నాను. చదివేది సాయంత్రమే కదా అనుకున్నాను. అలా ఒక్కో అడుగు అనుకుంటూ, ఆ ఊరికి వేయాల్సిన అడుగులు వేయకుండా రాసేశాను. భవనం రాలేదు. నా వాక్యం మాత్రం పదకొండు ఇళ్లు తిరిగింది. ఆ పట్టా చూపించే నేను ఈ ఉద్యోగంలో చేరాను. ఇతరుల రాతల్లో కాపీ పట్టుకునే ఉద్యోగంలో. కంచే చేను మేసిందంటే ఇదే.

ఆ పూట నాలో రెండు బుద్ధులు కొట్లాడుకున్నాయి. ఆ అధ్యాయం తీసేసి సంతకం పెడితే ఎస్తేరు గట్టెక్కుతుంది, నేనూ గట్టెక్కుతాను, నా అబద్ధం పన్నెండో ఇంటికి పోతుంది. లేదంటే గడువు ముందర ఆమెను ఆపాలి. చివరకు చెప్పాను: "ఈ అధ్యాయం మళ్లీ రాయమ్మా. మీ ఊరు, నీ సర్వేలో ఉన్న మిగతా ఊర్లు, కంటితో చూసి రాయి. మూడు వారాలుంది."

అప్పుడు మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "అందరికీ సంతకం చేసినారు సార్. నాకొక్కదానికే అడ్డం పడతాండారు. నేనేం పాపం చేసినా?"

సమాధానం ఉంది నా దగ్గర. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు బల్ల మీద కాగితాలు సర్దుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. కాసేపటికి ఆమె గైడ్ ఫోన్ చేశారు. మంచి మనిషే. తన విద్యార్థులు ఎంత త్వరగా ఉద్యోగాల్లో పడితే అంత మంచిదని తాపత్రయం. "సుబ్బరాయుడూ, ఆ అమ్మాయి బతుకుతో ఆటలాడుకోవద్దప్పా. వానలు ఎంత పడ్డాయో తెలుసుకునేకి ఎవరు చదువుతారు ఆ మూడో అధ్యాయం?" అన్నారు. ఎవరూ చదవరు సార్, అందుకే ఇంతదాకా వచ్చింది అని మాత్రం అనగలిగాను.

పదిహేడు రోజులకు ఎస్తేరు మళ్లీ వచ్చింది. ముఖం కమిలిపోయి ఉంది. పాత మూడో అధ్యాయం నలభై పేజీలు, కొత్తది పందొమ్మిది. అక్కడే నిలబడి చదివాను. ఎర్రగుట్టపల్లె దగ్గరకు వచ్చేసరికి కూర్చుని చదివాను.

ఆ ఊళ్లో గ్రంథాలయం లేదు అని మొదటి వాక్యం. తర్వాత ఇలా ఉంది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, చాపలు చుట్టకముందే సంఘపెద్ద లేచి నిలబడతాడు. ఎవరికి ఒంట్లో బాగాలేదో చెప్పి ప్రార్థన చేయమంటాడు. ఆ తర్వాత ఒక కాగితం తీసి ఆ వారం పత్తికొండలో టమాటా ఏ రోజు ఏ ధర పలికిందో, బయటి లారీలు ఏ రోజు వస్తాయో, పంటల బీమాకు, పింఛనుకు ఆఖరు తేదీలు ఏవో గట్టిగా చదువుతాడు. ఆరాధనకు రాని రైతులు కూడా ఆ పది నిమిషాల కోసం వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. విని లేచాక, రేపు కోద్దామా ఎల్లుండి కోద్దామా అని అక్కడే మాట్లాడుకుంటారు. కోత రోజు నిర్ణయమయ్యేది ఆ మెట్ల మీదే.

"ఆ సంఘపెద్ద ఎవరమ్మా?"

"మా నాయనే సార్. దేవదానం." ఆమె సిగ్గుపడుతూ నవ్వింది. "ఐదేండ్లు టమాటా రైతులకు ధరలెట్ల తెలుస్తాయని ప్రశ్నలు పట్టుకొని ఊర్లెంబడి తిరిగితి. ఫోనా, దలారా, పక్కింటోడా అని అడిగితి. మా నాయన చేసే పని నా ప్రశ్నల్లో యాడా లేదు. ప్రతి ఆదివారం ఆడనే కూర్చొని విన్నా, అది సమాచారమని నాకు తట్టనేలేదు సార్."

రైతుల సమాచార అవసరాలు అన్నది నా పరిశోధన. దానికి జవాబు నేను నడవని ఆ నాలుగు మైళ్ల అవతల ఉండింది.

కొత్త రిపోర్టు ఆరు శాతం వచ్చింది. సంతకం పెట్టబోతుంటే ఆమె ఆపింది. ఫుట్‌నోట్ ఒకటి రాయాలట, అంటే పేజీ అడుగున ఇచ్చే వివరణ. ఈ ఊళ్లో గ్రంథాలయం ఉందని ముందు ఎవరు రాశారో చెప్పి, అది సరికాదని రాయాలట. పాత థీసిస్‌లన్నీ తిరగేసి, అన్నిటికంటే పాతదాని చివర ఒక ఎం.ఫిల్. పుస్తకం పేరు పట్టుకుంది. "రచయిత పేరు సగమే ఉండాది సార్. ఆ పుస్తకం తాళం బీరువాలో ఉందంట."

తాళంచెవి నా జేబులోనే ఉంది. తీసి, పుస్తకం తెచ్చి, ఆమె ముందు పెట్టాను. అట్ట మీద పేరు చదివింది. తల ఎత్తలేదు. "మీరేనా సార్?" అంది.

"నేనేమ్మా. మీ ఊరికి రాకుండా రాసినా."

"అయితే పేరు వద్దులే సార్. ఒక పాత పరిశోధన అని రాస్తా."

పేరు రాయమ్మా అనాలి. అనలేదు. ఆ మాట వినగానే నా గుండె కుదుటపడిన సంగతి దాచుకోవడం ఎందుకు? ఆ ఏడాది నా ప్రమోషన్ ఫైలు కదులుతోంది. సరే అన్నాను. గడువుకు మూడు రోజుల ముందు థీసిస్ వెళ్లిపోయింది.

నవంబరులో వైవా జరిగింది. థీసిస్ మీద అందరి ముందూ జరిగే మౌఖిక పరీక్ష అది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆ రోజు భోజనాలు విద్యార్థి ఇంటివాళ్లే పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. తెల్ల పంచె కట్టుకుని దేవదానం మొదటి వరుసలో కూర్చున్నాడు. నేను చివరి వరుసలో. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎగ్జామినర్ నెరిసిన జుట్టున్న ఆవిడ, పుస్తకం నిండా పసుపు చీటీలు అంటించుకుని వచ్చారు. చర్చి మెట్ల సంగతి మీద అరగంట ప్రశ్నలు వేశారు. ఎస్తేరు ఒక్కదానికీ తడబడలేదు. ఆ తర్వాత ఆవిడ ఒక చీటీ దగ్గర ఆగారు.

"ఈ ఫుట్‌నోట్‌లో ఒక పాత పరిశోధనలో తప్పుందన్నావు. ఎవరి పరిశోధన?"

ఎస్తేరు తన థీసిస్ కాపీలో ఆ పేజీ తెరిచింది.

"ఆ పుస్తకం నువ్వు చూశావా?"

"చూసినా మేడమ్."

"మరి పేరు?"

ఆవిడ కళ్లజోడు తీశారు. "చూశానంటావు, పేరు చెప్పవు. పేరు లేకుండా తప్పు పడితే అది ఆధారం కాదమ్మా, చాడీ. ఇదొక్కటీ చూడకుండానే రాశావని నేననుకోవాలా? అప్పుడు మిగతాదాన్ని నేనెట్లా నమ్మాలి?"

గైడ్ ముఖం పాలిపోయింది. ఎస్తేరు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు. ఆరేళ్ల కష్టం పోయినా సరే, పెద్దాయన పరువు తీయకూడదనుకుంది ఆ పిల్ల. ఊళ్లో గ్రంథాలయం లేదని తెలిసీ పెద్దోళ్లు రాసినారు కదా అనుకున్నది కూడా ఈ మర్యాదతోనే. ఆ మర్యాద నా కోసం ఇంకో నిమిషం నడిస్తే ఆమె మునిగిపోతుంది.

లేచి నిలబడ్డాను. "నాది మేడమ్. ఆ పరిశోధన నాది. నేను ఆ ఊరికి పోలేదు. పోకుండానే రాసినా. నా పేరు వేయొద్దని ఆ అమ్మాయి అంటే సరేనన్నది కూడా నేనే."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. టీ తాగినావా అని అడిగే ప్రొఫెసర్లు కూడా చూశారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నన్ను కాసేపు చూసి, "కూర్చోండి" అన్నారు. తర్వాత ఎస్తేరుతో, "పేరు, సంవత్సరం, పేజీ నంబరు చేర్చి ఇవ్వు" అని చెప్పి తర్వాతి చీటీకి వెళ్లిపోయారు. ఆర్నెల్లుగా నేను మోసిన భయం అర నిమిషం కూడా పట్టలేదు. సాయంత్రానికి ఎస్తేరుకు పట్టా ఇవ్వవచ్చని ప్రకటించారు.

అంతకు ముందు భోజనాల దగ్గర దేవదానం స్వయంగా వడ్డిస్తూ నా విస్తరి దగ్గరకు వచ్చాడు. తల దించుకున్నాను. ఆయన గొంతులో కోపం లేదు. "సార్, ఆ పొద్దు మా ఊరికి వచ్చింటే బాగుండు. అప్పట్లో మా నాయన చదువుతాండె ధరలు. ఎండన పడి వచ్చినోన్ని ఉత్తగా పంపుతుంటిమా? మజ్జిగ తాగి, నీడన కాసేపు కూర్చొని పోయింటిరి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎస్తేరు కర్నూలు కాలేజీలో చేరలేదు. థీసిస్ ఇచ్చిన కాగితం తీసుకుని పోయేసరికే వాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. పట్టా వచ్చాక, మెట్ట సేద్యం మీద పరిశోధన చేసే చిన్న సంస్థ ఒకటి ఓర్వకల్లు దగ్గర ఉంటే అందులో చేరింది. ఊళ్లు తిరిగి, చూసింది చూసినట్టు రాయడం పని. ఆమె గైడ్ ఇప్పటికీ బాధపడతారు, డాక్టరేట్ చేసి ఊర్లెంబడి తిరిగే ఉద్యోగమా అని. మా దగ్గర పిహెచ్.డి. అంటే లెక్చరర్ కుర్చీ ఒక్కటే. అది దొరక్కపోతే మనిషి చెడిపోయినట్టే జాలి చూపిస్తారు. ఆ మాటే అడిగితే ఎస్తేరు, "పాఠం చెప్పేది నాకిష్టమే సార్. కానీ ఈ పని నాకు వచ్చని ఆ పదిహేడు దినాల్లోనే తెలిసింది. శానా బాగుండాది" అంది. ఆ మాట నేను ఇప్పుడు కొత్తగా చేరే పరిశోధకులకు చెబుతుంటాను. మీకేం వచ్చో చూసుకోండి, కుర్చీ తర్వాత చూసుకుందాం అని.

నా ఎం.ఫిల్. పుస్తకంలో ఎర్రాటా స్లిప్ అతికించాను. అంటే అచ్చయిన పుస్తకంలో దొర్లిన తప్పును సరిదిద్దే చీటీ. మూడో అధ్యాయాన్ని పక్కన పెట్టి సంతకం పెట్టడం కూడా మానేశాను. దానితో టీలు తగ్గాయి, తిట్లు పెరిగాయి.

మొన్న ప్రమోషన్ ఫారం మళ్లీ నింపాను. ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయి, ఎన్ని సదస్సులకు వెళ్లారు, ఎన్ని శిక్షణలు పొందారు అని పేజీల కొద్దీ గళ్లు. పోకుండా, చూడకుండా రాసినవి ఎన్ని అని అడిగే గడి ఎక్కడా లేదు. ఉంటే నేను ఒకటి అని రాయాలి. లేదు కాబట్టి ఇక్కడ రాశాను.